ఇరవై అంకెల పద్యం – పావులూరి మల్లన జీవితం

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవిత చరిత్ర రాసి ఇవ్వమని సంపాదక మిత్రులు అడిగారు. దేశ నాయకుల గురించి, సంఘ సంస్కర్తల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను రెవెన్యూ శాఖలో అడంగళ్ళు, జమాబందీ లెక్కలు రాస్తూ ఉద్యోగం గడిపినవాణ్ణి. అందుచేత లెక్కలతో పేరు తెచ్చుకున్న ఒకాయన కథనే ఎంచుకున్నాను. ఆయన పావులూరి మల్లన. తెలుగులో మనకు దొరికిన మొదటి గణిత గ్రంథం ఆయనదే. తెలుగు సాహిత్య చరిత్ర చదివిన వారందరికీ ఈ పేరు పరిచయమే. అయితే పరీక్ష కోసం ఒక వాక్యం బట్టీపట్టి వదిలేసిన వారే ఎక్కువ. ఆయన పద్యాల్లో ఒకదానిలో ఇరవై అంకెల సంఖ్య ఒకటి దాగి ఉంది. ఆ సంఖ్య ద్వారా ఆయనను పరిచయం చేయాలని నా ప్రయత్నం.

ఊరు, కాలం

పావులూరు కమ్మనాటిలోని పల్లె. ఒకప్పుడు గుంటూరు మండలంలో, తరువాత ప్రకాశం జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలు విభజించాక ఇంకొల్లు మండలంతో పాటు బాపట్ల జిల్లాలోకి వచ్చింది. మల్లన ఇంటిపేరు ఆ ఊరి పేరే. ఆ ఊరి కరణీకం వారి కుటుంబానిదని సాహిత్య చరిత్రకారులు రాశారు.

ఆనాడు రాజమహేంద్రవరంలో తూర్పు చాళుక్య రాజు రాజరాజనరేంద్రుడు పరిపాలించాడు. ఆయన ఏలుబడి 1022 నుంచి 1061 వరకు. నన్నయ భారతం తెనిగించడం మొదలుపెట్టింది ఆయన కొలువులోనే. ఆ రాజు పావులూరి మల్లనకు పిఠాపురం దగ్గర ఉన్న నవఖండవాడ అనే గ్రామాన్ని దానంగా ఇచ్చాడని గ్రంథంలోని పద్యం వల్ల తెలుస్తుంది. ఇక్కడే పండితుల మధ్య ఒక పేచీ వచ్చింది. ఆ వంశంలో తాత పేరూ మల్లనే, మనవడి పేరూ మల్లనే. దానం పుచ్చుకున్నవాడే గణితం రాశాడని కొందరన్నారు. అలా అయితే ఆయన నన్నయకు సమకాలికుడు. దానం పుచ్చుకున్నది తాత అనీ, పుస్తకం రాసింది మనవడనీ మరికొందరన్నారు. అలా అయితే పుస్తకం 11వ శతాబ్దం చివరికో 12వ శతాబ్దం మొదటికో జరుగుతుంది. రెండో వాదానికే ఎక్కువ బలం ఉన్నట్టు నాకు తోస్తుంది. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గల తాతా మనవళ్ళ ఖాతాలు ఒకటిగా కలిసిపోవడం పట్టా పుస్తకాలు చూసిన వారికి వింత కాదు. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం మన ఇళ్ళల్లో ఇంకా ఉన్నదే కదా.

ఏ మల్లన అయినా, ఆయన ఎదుట ఉన్న పని మాత్రం ఒకటే. కరణం అన్నవాడికి పొలం కొలవడం రావాలి. కుంటలో తవ్విన మట్టికి కూలి కట్టడం రావాలి. వడ్డీ కట్టడం, వడ్ల కొలతలు మార్చడం, భాగాలు పంచడం రావాలి. ఇవన్నీ నేర్పే శాస్త్రం అప్పటికి సంస్కృతంలో ఉంది. తెలుగులో లేదు.

మహావీరుని పుస్తకం

మల్లన తెలుగు చేసింది మహావీరాచార్యుని గణితసార సంగ్రహాన్ని. మహావీరుడు జైనుడు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, సుమారు 850 ప్రాంతంలో ఆ గ్రంథం రాశాడు. ఆ చక్రవర్తి రాజధాని మాన్యఖేటం, ఇప్పటి కర్ణాటకలోని మళఖేడ్. వెయ్యికి పైగా శ్లోకాలున్న ఆ గ్రంథంలో భిన్నాలు, త్రైరాశికం, మిశ్రమ లెక్కలు, క్షేత్రాల వైశాల్యం, గుంతల ఘనపరిమాణం, నీడను బట్టి ఎత్తు కట్టడం వరకు అన్నీ ఉన్నాయి. ఎం. రంగాచార్య గారు దానిని ఇంగ్లీషు అనువాదంతో సహా 1912లో మద్రాసులో ప్రచురించిన తరువాత లోకమంతటికీ దాని విలువ తెలిసింది.

మల్లన మాటకు మాట అనువదించి ఊరుకోలేదు. ఆయన శైవుడు. జైన సంబంధమైన ఉదాహరణలు తీసివేసి వాటి స్థానంలో శివపరమైనవి పెట్టాడు. తనవైన లెక్కలు చేర్చాడు. తెలుగు వాళ్ళ నోటికి పట్టే పద్యాలుగా మలిచాడు. ఆ పుస్తకం పేరు సారసంగ్రహ గణితం. జనం మాత్రం పావులూరి గణితం అనే పిలిచారు. కవి పేరే శాస్త్రం పేరైపోయింది. వీధిబడుల్లో, కరణాల ఇళ్ళల్లో ఆ మాట చాలాకాలం వాడుకలో ఉంది. తరువాత ఎలుగంటి పెద్దన భాస్కరాచార్యుని లీలావతిని ప్రకీర్ణ గణితమనే పేరుతో తెలుగు చేశాడు. ఆ దారి వేసింది మల్లనే.

మహావీరునికి పెద్ద సంఖ్యలంటే మోజు. కొన్ని సంఖ్యలను గుణిస్తే వచ్చే ఫలితం అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా ఒకటిగానే ఉంటుంది. అలాంటి వాటిని రాజు మెడలో వేసే హారాలతో పోల్చాడు. 139ని 109తో గుణిస్తే 15151 వస్తుంది. 152207ని 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు వరుసగా వస్తాయి. 27994681ని 441తో గుణిస్తే 12345654321 వస్తుంది. కాగితం, పెన్సిలు దగ్గర ఉన్న సభ్యులు చేసి చూసుకోవచ్చు. మా బంగారుపాళ్యంలో సాయంత్రం కలిసే మిత్రులకు ఈ మూడో లెక్క ఇచ్చాను. అందరూ అయిదు నిమిషాల్లో తేల్చారు. ఒకరైతే చేతిలోని సెల్‌ఫోను పక్కన పెట్టి మరీ చేశారు.

సంఖ్యల స్థానాలకు మహావీరుడు 24 పేర్లు చెప్పాడు. ఏకం, దశకం, శతం, సహస్రం అని మొదలై లక్ష, కోటి, అర్బుదం, ఖర్వం, పద్మం, క్షోణి, శంఖం, క్షితి దాటి మహాక్షోభం దగ్గర ఆగుతాయి. మల్లన ఆ వరుసను 36 స్థానాల వరకు పెంచాడు. చివరిది మహాభూరి. ఊరి లెక్కలకు కోటి కూడా అక్కర్లేని కాలంలో ఇన్ని స్థానాలు ఎందుకని అడగవచ్చు. దానికి జవాబు చదరంగం మీద చెప్పిన పద్యంలో ఉంది.

చదరంగపు గళ్ళు

కథ మనకందరికీ తెలిసిందే. చదరంగం కనిపెట్టినవాడు రాజును బహుమానం అడిగాడు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గళ్ళకూ రెట్టింపు చేస్తూ ఇమ్మన్నాడు. ఇంతేనా అని రాజు నవ్వాడు. లెక్క కట్టి చూస్తే రాజ్యంలోని కొట్లన్నీ చాలలేదు. ఈ కథను 13వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ అరబ్బీలో రాశాడు. ఆ రచన కంటే లెక్క పాతది. మధ్య ఆసియాలోని ఖ్వారిజ్ము దేశంలో 973లో పుట్టిన అల్ బిరూని, 1000 ప్రాంతంలో ప్రాచీన జాతుల కాలగణన మీద రాసిన గ్రంథంలో ఈ మొత్తం కట్టి చూపాడు. ఆ శతాబ్దంలోనో, దాని వెంటనేనో మన తెలుగుదేశంలో మల్లన ఒక చంపకమాల పద్యంలో అదే సంఖ్య చెప్పాడు. ఇద్దరి సంఖ్యలూ అక్షరాలా ఒకటే. ఆ సంఖ్య ఇది.

18446744073709551615

మన పద్ధతిలో విరామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615 అవుతుంది. దీనిని మల్లన చెప్పిన స్థానాల పేర్లతో చదువుదాం. ఒక మహాశంఖం, ఎనిమిది శంఖాలు, నాలుగు మహాక్షోణులు, నాలుగు క్షోణులు, ఆరు మహాపద్మాలు, ఏడు పద్మాలు, నాలుగు మహాఖర్వాలు, నాలుగు ఖర్వాలు, న్యర్బుదం సున్న, ఏడు అర్బుదాలు, మూడు శతకోట్లు, ఏడు దశకోట్లు, కోటి స్థానం సున్న, తొమ్మిది దశలక్షలు, ఐదు లక్షలు, ఐదు దశసహస్రాలు, ఒక సహస్రం, ఆరు శతాలు, ఒక దశకం, ఐదు. లక్షకోట్లు అని సరిపెట్టుకునే మన కాలంలో ఇలా చదవగల భాష మనకు ఉందని గుర్తుచేయడానికే ఇంత పొడుగున రాశాను.

అంకెలకు బదులు మాటలు

ఇరవై అంకెలను పద్యంలో ఎలా ఇమిడ్చాడు? దానికి పూర్వుల పద్ధతి ఒకటి ఉంది. దాని పేరు భూతసంఖ్య. లోకంలో ఉన్న వస్తువుల పేర్లే అంకెలు. ఆకాశం అంటే సున్న. చంద్రుడు ఒక్కడే కనుక ఒకటి. కన్నులు రెండు. అగ్నులు మూడు. వేదాలు నాలుగు. మన్మథుని బాణాలు ఐదు. రుచులు ఆరు. కులపర్వతాలు ఏడు. దిక్కుల ఏనుగులు ఎనిమిది. శరీరంలోని రంధ్రాలు తొమ్మిది. ఆ వస్తువుకు ఎన్ని పర్యాయపదాలున్నా అంకె ఒకటే. కనుక ఛందస్సుకు సరిపడే మాట కవి ఎంచుకోవచ్చు. చదవడం మాత్రం వెనుక నుంచి. ఒకట్ల స్థానం మొదట, పెద్ద స్థానం చివర. మల్లన పద్యంలో మొదటి మాట ఐదును చెబుతుంది, ఇరవయ్యో మాట మహాశంఖం స్థానంలోని ఒకటిని చెబుతుంది. నాలుగు అనే అంకె ఆ సంఖ్యలో నాలుగుసార్లు వస్తుంది. మల్లన దానికి సముద్రాన్నీ, వేదాన్నీ, బ్రహ్మ ముఖాలనూ వాడుకున్నాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సముద్రాలు అనగానే మనకు ఏడు గుర్తుకొస్తాయి. గణితపు పద్యాల్లో సముద్రాలు నాలుగు. తెలియనివాడు ఏడని చదివితే సంఖ్య మారిపోతుంది. కానీ ఈ సంఖ్యకు ఒక సుగుణం ఉంది. అనుమానం వచ్చినవాడు పండితుడి దగ్గరకు పోనక్కర్లేదు. ఒకటితో మొదలుపెట్టి రెట్టిస్తూ పోతే చాలు, సరైన అంకె అదే బయటపడుతుంది.

పైగా ఛందస్సు కూడా కాపలా కాస్తుంది. చంపకమాలలో పాదానికి 21 అక్షరాలు. గురువూ లఘువూ వాటి చోట్లలో ఉండాలి. ప్రాస కుదరాలి, యతి కుదరాలి. తాటాకు మీద రాసేవాడు ఒక మాట వదిలేస్తే పద్యం కుంటుతుంది, వినేవాడికి వెంటనే తెలిసిపోతుంది. ఆఫీసులో మనం అడ్డం కూడిక, నిలువు కూడిక రెండూ వేసి సరిచూసేవాళ్ళం కదా. మల్లన పద్యానికీ రెండు సరిచూపులు ఉన్నాయి. ఒకటి ఛందస్సు, రెండవది రెట్టింపు లెక్క.

ఆ సంఖ్య గుణాలు

ఇంత పెద్ద సంఖ్యను గణనయంత్రాలు లేని కాలంలో ఎలా కట్టారు? 64 సార్లు రెట్టించి కూడడం ఒక దారి. దానికంటే దగ్గరి దారి మహావీరుని పుస్తకంలో ఉంది. అంతకు చాలా ముందే పింగళుని ఛందశ్శాస్త్రంలోనూ ఉంది. 64ని సగం చేస్తూ పోతే 32, 16, 8, 4, 2, 1 అని ఆరుసార్లలో ఒకటికి వస్తాం. కనుక రెండుతో మొదలుపెట్టి ఆరుసార్లు వర్గం చేస్తే చాలు. రెండు వర్గం 4. దాని వర్గం 16. దాని వర్గం 256. దాని వర్గం 65,536. దాని వర్గం 4,29,49,67,296. దాని వర్గం 1,84,46,74,40,73,70,95,51,616. ఆరు గుణకారాలతో పని ముగిసింది. ఇందులో ఒకటి తీసేస్తే మల్లన సంఖ్య. ఒకటి ఎందుకు తీయాలంటే, ఏ గడిలోనైనా ఉన్న గింజలు అంతకు ముందు గళ్ళన్నిటిలో ఉన్న గింజల కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. నాలుగో గడిలో ఎనిమిది, ముందు మూడింటిలో కలిపి ఏడు. చివరి గడి దాకా ఇదే వరస.

అంకెలు కూడి చూడండి. ఇరవై అంకెల మొత్తం 87. అది మూడుతో భాగించబడుతుంది కనుక సంఖ్య కూడా మూడుతో భాగించబడుతుంది. చివర ఐదు ఉంది కనుక ఐదుతోనూ పోతుంది. అసలు దీని కారణాంకాలన్నీ విడదీస్తే 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417 అని ఏడు వస్తాయి. ఏ ఒక్కటీ రెండుసార్లు రాదు. పదో తరగతిలో చదివిన వర్గాల భేదం సూత్రమే ఇందుకు దారి. మన సంఖ్య ఒక వర్గం కంటే ఒకటి తక్కువ. అటువంటి సంఖ్య రెండు ముక్కలుగా విడిపోతుంది. ఇక్కడ 4,29,49,67,295 ఒక ముక్క, 4,29,49,67,297 రెండవది. మొదటిది మళ్ళీ అలాగే విడిపోతూ 3, 5, 17, 257, 65,537 దాకా వస్తుంది. రెండవది ఇక విడదని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ అనే మహాగణితజ్ఞుడు అది 641తో నిశ్శేషంగా పోతుందని చూపించాడు. ఐరోపా పండితులను కొన్ని తరాలు ఆలోచింపజేసిన ఆ సంఖ్య, అంతకు ఆరు వందల ఏళ్ళ ముందే మన తెలుగు పద్యం కడుపులో ఒక కారణాంకంగా కూర్చుని ఉంది. ఇది మల్లనకు తెలుసని నేను అనను. సంఖ్య సరిగ్గా చెప్పినవాడు దాని గుణాలన్నిటినీ తరువాతి వారికి అప్పజెప్పినట్టే అని మాత్రం అంటాను.

ఇంకో తమాషా గమనించండి. సున్న నుంచి తొమ్మిది వరకు ఉన్న పది అంకెల్లో తొమ్మిది ఈ సంఖ్యలో ఉన్నాయి. లేనిది ఒక్క రెండు. రెండుతోనే పుట్టిన సంఖ్యలో రెండు మాత్రం కనబడదు.

1883లో ఫ్రాన్సులో లూకా అనే గణితజ్ఞుడు ఒక ఆట కనిపెట్టాడు. మూడు కొయ్యలు, వాటిలో ఒకదానికి తొడిగిన చిన్నా పెద్దా బిళ్ళలు. చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా, ఒక్కొక్కటిగా తీస్తూ అన్నిటినీ మరో కొయ్యకు మార్చాలి. 64 బిళ్ళలు ఉంటే ఎన్నిసార్లు మార్చాలో తెలుసా? సరిగ్గా మల్లన సంఖ్య అన్నిసార్లు. ఆ ఆటకు కాశీలోని గుడిలో పూజారులు బంగారు బిళ్ళలు మారుస్తున్నారనే కట్టుకథ కూడా అక్కడివారే చేర్చారు. క్షణానికి ఒక్కటి చొప్పున మార్చినా 58,000 కోట్ల సంవత్సరాలకు పైగా పడుతుంది. ఈ విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞులు అంటున్నారు.

ఇక గింజల సంగతి. గ్రాముకు నలభై బియ్యపు గింజలు అనుకుంటే మల్లన సంఖ్యకు సుమారు 46,000 కోట్ల టన్నుల బియ్యం కావాలి. మామిడికాయల కాలంలో మా బంగారుపాళ్యం మండీకి వచ్చే లారీలు చూసిన మిత్రులకు ఇలా చెబితే తెలుస్తుంది. పది టన్నుల లారీలు 4,600 కోట్లు వరసగా నిలబడాలి. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నులకు కొంచెం పైన. ఆ లెక్కన రాజుగారి బాకీ తీరడానికి తొమ్మిది వందల ఏళ్ళు, కాస్త అటూ ఇటూగా పడుతుంది. మల్లన కాలం నుంచి మన కాలం దాకా గడిచింది కూడా దాదాపు అంతే.

ఈనాటి కంప్యూటర్లలో, సెల్‌ఫోన్లలో సంఖ్యలను నిలవ చేసే గడులు ఎక్కువగా 64 స్థానాలవి. ఒక్కో స్థానంలో సున్న గానీ ఒకటి గానీ ఉంటుంది. 64 స్థానాలూ ఒకట్లతో నిండితే వచ్చే అతి పెద్ద సంఖ్య ఎంత? అదీ మల్లన సంఖ్యే. మనవళ్ళ చేతిలోని పెట్టెలో చదరంగపు 64 గళ్ళు ఉన్నాయన్నమాట.

అక్షరాలా

ఈ పద్యం నా మనసుకు ఎందుకు దగ్గరైందో చెప్పాలి. ఉద్యోగంలో ఉండగా ఒక విధవరాలైన పెద్దావిడ భూమి కాగితం నా ముందుకు వచ్చింది. ఊరి పేరూ, ఆఫీసు పేరూ ఇక్కడ అవసరం లేదు. పాత పత్రాల్లో తెలుగు అంకెలు వాడేవారు. తెలుగులో రెండు ౨, మూడు ౩. సిరా కాస్త చెదిరితే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. ఎవరో నకలు రాసినవారు ఆమె మూడు ఎకరాలను రెండుగా దించారు. ఆ నకలును చూసి మరొకరు, దానిని చూసి ఇంకొకరు రాశారు. నాలుగేళ్ళు ఆమె చెప్పులరిగేలా తిరిగింది. ఆమెకు ఉన్న ఆధారమల్లా ఆ భూమే. చివరకు అసలు భాగ పత్రం వెతికి తీస్తే అంకె పక్కనే అక్షరాలా మూడు ఎకరాలు అని రాసి ఉంది. ఆ ఒక్క మాటతో ఆమె ఎకరం ఆమెకు వచ్చింది.

అప్పటి నుంచి అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయమనే నిబంధనను నేను లాంఛనంగా చూడలేదు. చెక్కు మీద, బిల్లు మీద, మన పింఛను కాగితం మీద మొత్తాన్ని అక్షరాల్లో రాయడం ఎందుకో ఆ పెద్దావిడ నాకు నేర్పింది. అంకెకు ఒక గీత కలిపితే మారిపోతుంది. మాట అంత తేలికగా మారదు. మల్లన కూడా తన సంఖ్యను అంకెల్లో వేసి వదిలిపెట్టలేదు. ఇరవై మాటల్లో, అక్షరాలా రాశాడు. తాటాకులు చిల్లులు పడతాయనీ, చేతులు మారతాయనీ, రాయసగాళ్ళు నిద్రమత్తులో రాస్తారనీ లెక్కలు రాసే వంశంలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా?

తిరుపతిలో అచ్చు

ఎన్నో తరాలు తాటాకుల మీదే ఉన్న ఈ గ్రంథానికి మన ప్రాంతంతో సంబంధం ఉందని చాలామందికి తెలియదు. తాళపత్ర గ్రంథాల పరిశోధనకు జీవితం ధారపోసిన వేటూరి ప్రభాకరశాస్త్రి గారు చివరి దశలో తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర ప్రాచ్య పరిశోధనాలయంలో పనిచేశారు. అన్నమాచార్యుల సంకీర్తనల రాగిరేకులను వెలుగులోకి తెచ్చిన వారిలో ఆయన ముఖ్యులు. 1950లో తిరుపతిలోనే కన్నుమూశారు. పావులూరి గణితాన్ని కూడా ఆయన పరిష్కరించారు. దాని మొదటి భాగం 1952లో తిరుపతి నుంచి వెలువడింది. కమ్మనాటిలో పుట్టి, గోదావరి తీరపు రాజుల మన్ననలు పొందిన వంశంవాని పుస్తకం మన వేంకటేశ్వరస్వామి పాదాల దగ్గర అచ్చుకు వచ్చింది. బంగారుపాళ్యానికి తిరుపతి సుమారు వంద కిలోమీటర్లు. స్వామి దర్శనానికి ఎన్నిసార్లో వెళ్ళాం. ఈసారి వెళ్ళినప్పుడు అక్కడి గ్రంథాలయాల్లో ఆ పుస్తకాన్ని అడిగి చూడమని మిత్రులకు నా మనవి.

రాసిన మనిషి పోయినా, చదివే మనుషులు మారినా ఆ పద్యంలో ఇరవై అంకెలూ ఇరవై చోట్ల ఉన్నాయి. ఈలోగా రాజ్యాలు పోయాయి. నవఖండవాడ దానం పోయింది. 1984లో మన రాష్ట్రంలో కరణీకమే పోయింది. ఆ మార్పు మన సంఘంలోని పెద్ద సభ్యులు కళ్ళారా చూసినదే. కరణాల మీద లోకంలో చాలా సామెతలున్నాయి, చాలావరకు నిందలే. వాటిలో కొన్నిటికి కారణాలూ ఉన్నాయి. కానీ పావులూరి కరణాల ఇంటివాడు రాసిన ఈ ఒక్క పద్దును ఎవరైనా, ఎప్పుడైనా తనిఖీ చేసుకోవచ్చు. తాతా మనవడా అన్నది పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. సంఖ్య మీద మాత్రం వాదించడానికి ఏమీ మిగలలేదు.

మన ఇళ్ళల్లో పిల్లలు లెక్కలంటే భయపడుతున్నారు. జవాబు యంత్రం చెబుతుంది, ఎందుకు వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. మనకు తీరిక ఉంది. ఒక చదరంగం బల్ల, గుప్పెడు కందిపప్పు ముందు పెట్టి మనవడినో మనవరాలినో కూర్చోబెట్టండి. మొదటి వరస ఎనిమిది గళ్ళు నింపేసరికి 255 గింజలు అవుతాయి. రెండో వరస పూర్తయ్యేసరికి 65,535 కావాలి. అక్కడికే వంటింట్లోంచి కేకలు వస్తాయి కనుక మిగతా ఆరు వరసలు కాగితం మీద చేయించండి. ఆరు వర్గాలు చాలునని కూడా చెప్పండి. చివర ఐదుతో ముగిసే ఇరవై అంకెల సంఖ్య వస్తే, పిల్లలకు పావులూరి మల్లన పేరు చెప్పండి.



– ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, బంగారుపాళ్యం